కరీంనగర్ బూట్లు

నేను బొగ్గుబాయిలో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి దిగిపోయిన మనిషిని. కొత్తగా కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా క్వార్టరు వాకిట్లో కుర్చీలు వేసుకొని కూర్చుని, కప్పు కూలిన రోజు గురించి చెప్పండి, నీళ్ళు లోపలికి వచ్చిన రోజు గురించి చెప్పండి అంటారు. అవి చెప్పడానికి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఉన్నారు. నేను చెప్పగలిగింది, సాటి కార్మికుల ముందు, పరదేశంలో, నా కాళ్ళకు బూట్లు లేకుండా పోయిన రోజు గురించి. ఇందులో ఎవరి ప్రాణాలూ పోలేదు. పోవలసిన వస్తువు ఇంకొకటి ఉండింది, అది కొంత పోయింది.

ముందు నా సంగతి. మాది మంథని దిక్కు ఒక ఊరి దొరల కుటుంబం. ఆ దొరతనంలో నా కాలానికి మిగిలినవి రెండే: గడి ముందరి దర్వాజా, నా నడుము. గడి వెనక భాగం వానలకు కూలిపోయింది. భూముల్లో కొన్ని చట్టం కింద పోయాయి, కొన్ని మా తాత సరదాల కింద పోయాయి. నడుము మాత్రం నిటారుగా నిలిచింది. అటువంటి నడుముతో బాయిలో పనిచేయడం ఎంత తిప్పలో మీకు తెలుసు. కప్పు అయిదడుగులే ఉన్న చోట ఎంతవాడైనా వంగి నడవాలి. నేను వంగేవాణ్ణి కాదు. అందుకే నా హెల్మెట్‌కు ఉన్నన్ని సొట్టలు మా గనిలో ఇంకెవరి హెల్మెట్‌కూ ఉండేవి కావు.

ఇంకో గుణం కూడా ఉండేది. ఎవరినీ ఏదీ అడిగేవాణ్ణి కాదు. ఒకసారి మంథని పోవలసినవాణ్ణి, ఏ బస్సో అడగడం ఇష్టం లేక ముందున్నది ఎక్కి, పెద్దపల్లిలో దిగాను. దిగి, అక్కడే పని ఉన్నట్టు గంభీరంగా చాయ్ తాగి తిరిగి వచ్చాను.

నా కింద పనిచేసిన సర్దార్ ఒకాయన ఉండేవాడు. బాయి సంగతి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: షిఫ్టు మొదలయ్యే ముందు సర్దార్ లోపలికి పోయి కప్పును కర్రతో తట్టి వింటాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైన కప్పు డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగితే అందరినీ బయటికి రమ్మంటాడు. అప్పుడు లోపల ఉన్నది నాలాంటి అండర్ మేనేజర్ అయినా సరే, నోరు మూసుకొని బయటికి రావాలి. ఈ సర్దార్ చెవి మీద మాకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం.

అతను మా ఊరి పక్క పల్లెవాడు, నాకన్నా రెండేళ్ళు పెద్ద. వాళ్ళది మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం. బాయిలో అందరూ నన్ను దొరా అనేవాళ్ళు. మిగతావాళ్ళ నోట అది అలవాటుగా వచ్చేది. అతని నోట మాత్రం ఆ మాట వెనక ఎప్పుడూ ఒక నవ్వు దాగి ఉండేది. దానికి కారణం నాకు తెలుసు. మా గడి ముందు నుంచి పోయేటప్పుడు వాళ్ళ వాడవాళ్ళు చెప్పులు విప్పి చేతిలో పట్టుకొని నడవాలి. ఆ నియమం పెట్టింది నేను కాదు. కానీ చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని దాన్ని చూశాను. అతని తండ్రిని కూడా అలాగే చూశాను. అప్పుడు నాకు అది చాలా పద్ధతిగా కనిపించింది. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఇక అసలు కథ. కప్పుకు బోల్టులు బిగించే ఒక కొత్త యంత్రం మా గనికి వస్తుందన్నారు. దాన్ని నడపడం నేర్చుకోవడానికి ఆరుగురిని యూరప్‌లోని ఒక పాత నగరానికి పంపారు. నగరం పేరు చెప్పను. చెబితే మీరు ఫోన్లో వెతికి నాకే దాని గురించి చెప్పడం మొదలుపెడతారు. బృందానికి నాయకుణ్ణి నేను. సర్దార్ ఉన్నాడు, నోటికి తాళం లేని ఫిట్టర్ ఒకడు ఉన్నాడు, ఇంకో ముగ్గురు ఉన్నారు. ప్రయాణం కోసం నేను కరీంనగర్‌లో ఒక పాత చెప్పుల దుకాణంలో మూడుసార్లు కొలతలిచ్చి నల్లటి తోలు బూట్లు కుట్టించుకున్నాను. అంత మంచి బూట్లు అంతకు ముందు వేసుకోలేదు, ఆ తరవాత వేసుకోలేదు.

డిసెంబరు మొదటి వారంలో అక్కడి బొగ్గుగని కార్మికుల పండుగ వచ్చింది. నగరం నడిబొడ్డున ఏడువందల ఏళ్ళ నాటి చర్చి ఉంది. గనివాళ్ళను కాపాడుతుందని నమ్మే ఒక పునీత కన్యకు ఆ రోజు అక్కడ ప్రార్థన చేస్తారు. తరవాత కార్మికులంతా నల్ల కోట్లు, ఈకల టోపీలు పెట్టుకొని బ్యాండు మేళంతో టౌన్ హాలు దాకా ఊరేగింపుగా పోతారు. మాకు దుబాసిగా ఒక అమ్మాయి ఉండేది. ఆ దేశపు అమ్మాయే, కాలేజీలో హిందీ చదువుకుంది. ఎంత స్వచ్ఛమైన హిందీ అంటే, రేడియో వార్తలు విన్నట్టే ఉండేది. ఆ అమ్మాయి ముందు రోజు వచ్చి, "మహాశయా, ఊరేగింపులో మొదటి వరసలో మా గని డైరెక్టరు గారి పక్కన తమరు నడవాలి" అని చెప్పింది.

మొదటి వరస! మా వంశంలో ఊరేగింపు ముందు చివరిసారి నడిచింది మా తాత. నడిచాడని కూడా అనకూడదు, ఆయన్ని మోశారు. రెండు తరాల తరవాత మళ్ళీ మా ఇంటి మనిషి ఒక బ్యాండు మేళం ముందు నడవబోతున్నాడు. ఆ సాయంత్రం హోటల్ వరండాలో ఎవరూ లేరనుకొని నాలుగుసార్లు అటూ ఇటూ నడిచి చూసుకున్నాను. ఫిట్టర్ తలుపు తీసి చూశాడు.

"సారూ, కాలు వట్టుకున్నదా? జండూబామ్ ఉన్నది, తేనా?"

పొద్దున బస్సులో అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. "నేనెట్ల చేస్తె మీరు గట్లనే చెయ్యుండ్రి. ఊకె ఆ అమ్మాయిని గదేంది, గిదేంది అని అడుగకుండ్రి. మన ఇజ్జత్ పోతది."

"అడిగితె ఇజ్జత్ పోతదా దొరా?" అన్నాడు సర్దార్.

"పోతది."

"మరి తెల్వకుంట చేస్తె?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

చర్చి గుమ్మం మా గడి దర్వాజాకు నాలుగింతలు ఉంది. ఈ ఒప్పుకోలు కూడా కష్టంగానే రాస్తున్నాను. మెట్లెక్కగానే సర్దార్ అలవాటుగా బూట్లు విప్పాడు. మన దగ్గర చర్చికి పోయినా చెప్పులు బయటే విడుస్తారు కదా. బాయి మీది మైసమ్మకు మొక్కేటప్పుడు మేమంతా బూట్లు విడిచే మొక్కుతాం. అతన్ని చూసి మిగతా నలుగురూ విప్పారు. అందరూ గోడ పక్కన వరసగా పెట్టారు. అక్కడివాళ్ళు బూట్లతోనే లోపలికి పోతున్నారు. ఆ సంగతి అందరికన్నా ముందు చూసింది సర్దారే.

"దొరా, గీళ్ళెవ్వలు ఇప్పుతలేరు. జర ఆ బిడ్డను అడుగుదామా?"

"వాళ్ళ పద్ధతి వాళ్ళది, మనది మనది" అన్నాను. నా గొంతు నాకే బాగా నచ్చింది.

నేనూ విప్పాను. కానీ ఎక్కడ పెట్టాలి? గోడ పక్కన అయిదు జతలు ఉన్నాయి. కూలి పనికి పోయి పోయి నలిగిన బూట్లు. వాటి పక్కన నా కరీంనగర్ బూట్లు పెట్టడానికి చేయి రాలేదు. గుమ్మానికి అవతల ఒక పెద్ద గంప కనిపించింది. అందులో శుభ్రమైన గుడ్డ పరిచి ఉంది, మీద బూటు బొమ్మ గీసిన అట్ట వేలాడుతోంది. లోపల నాలుగైదు మంచి జతలు ఉన్నాయి. వేములవాడలో చెప్పుల స్టాండు లాంటిదే, పెద్దమనుషుల కోసం వేరుగా పెట్టినట్టున్నారు అనుకున్నాను. నా బూట్లు అందులో నీటుగా పెట్టి, లేసులు లోపలికి మడిచాను.

అప్పుడు చూసుకున్నాను. ఎడమ సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. వేలు బయటికి వచ్చి లోకాన్ని చూస్తోంది.

లోపల ఏం చూశానంటే, మొదటి పావుగంట నా వేలినే చూశాను. కుడి పాదం దాని మీద పెట్టి కొంగలా నిలబడ్డాను. తరవాత తలెత్తాను. ఎత్తాక దించలేకపోయాను. రాతి స్తంభాలు రెండు వరసలుగా పైకి పోయి, ఎక్కడో చీకట్లో చెట్టు కొమ్మల్లా విచ్చుకొని ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రంగు అద్దాల్లోంచి నీలం వెలుతురు నేల మీద పడుతోంది. ఒక గోడ మీద, పలుగులు పట్టుకొని వంగి నడుస్తున్న గనివాళ్ళ బొమ్మలు ఉన్నాయి. అన్నీ వంగిన నడుములే.

సర్దార్ ప్రార్థన చేసుకొని లేచి, కప్పు వైపు అదే పనిగా చూశాడు. "దొరా, పిల్లర్లు గింత సన్నగున్నయి. మధ్యల ఒక్క కట్టె దిమ్మె లేదు, ఒక్క బోల్టు లేదు. ఏడువందల ఏండ్ల సంది కప్పు పడలే. ఏ సర్దార్ చూసిండో గని, మొగోడు."

"సక్కగ నిలవడు. చర్చిల ఉన్నం."

"నిలవడ్డ." అంటూనే దగ్గరి స్తంభాన్ని వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చెవి ఆనించాడు. నల్ల గౌను ముసలాయన ఒకడు దూరం నుంచి కళ్ళు పెద్దవి చేశాడు. సర్దార్ అతనికి బొటనవేలు ఎత్తి చూపించాడు. గట్టిగుంది, భయం లేదు అని. ఆ ముసలాయన ఏమనుకున్నాడో, నవ్వాడు.

పక్క గోడకు ఒక రాతి పలక ఉంది, నిండా పేర్లు. గనిలో పోయినవాళ్ళవని దుబాసి అమ్మాయి చెప్పకముందే సర్దార్ దాని ముందు నిలబడి, మనది కాని ఆ లిపి మీద వేలు నడిపిస్తూ వరసవరసా కిందికి వచ్చాడు. ఆ కాసేపు అతని ముఖంలో నవ్వు లేదు. నేనూ కొంగలా నిలబడడం మానేశాను.

ప్రార్థన అయిపోయింది. బయటికి వచ్చాం. మెట్ల కింద బ్యాండువాళ్ళు బాకాలు సవరించుకుంటున్నారు. సన్నగా మంచు పడుతోంది. అయిదుగురూ గోడ పక్కకు పోయి బూట్లు తొడుక్కున్నారు. నేను గుమ్మానికి అవతలి వైపు పోయాను. గంప లేదు. గంప ఉన్నచోట గుండ్రటి పొడి మరక ఉంది, చుట్టూ మంచు.

"నీయేవి దొరా?" సర్దార్ వెనకే వచ్చాడు.

"గంపల పెట్టిన."

"ఏ గంప?"

దుబాసి అమ్మాయి పరుగున వచ్చింది. విషయం విని, రెండు చేతులూ జోడించింది. "మహాశయా! ఆ గంప నిర్ధనుల కోసం. శీతాకాలంలో పాదరక్షలు లేనివారికి భక్తులు అందులో దానం చేస్తారు. ఇప్పుడే బండి వచ్చి తీసుకుపోయింది. అంత కొత్త పాదరక్షలు ఇచ్చారా! తమరు ఎంతటి ఉదారులు!"

పొరపాటున పెట్టాను, తెప్పించండి అంటే సరిపోయేది. బండి ఇంకా వీధి చివర దాటి ఉండదు. కానీ అలా అనాలంటే నాకు తెలియలేదని ఒప్పుకోవాలి. "అవును. బీదలకని ఇచ్చాను" అన్నాను.

ఫిట్టర్‌కు నోరు ఆగలేదు. "బండి ఎల్లిపోయినంక దానమేంది సారూ?" అని స్తంభం వెనకకు పోయాడు. అక్కడి నుంచి చాలాసేపు దగ్గు వినిపించింది.

"కానీ మహాశయా, ఊరేగింపులో ఎలా నడుస్తారు? తమరు బస్సులో కూర్చుంటే, డైరెక్టరు గారి పక్కకు మరొకరిని పంపుతాను" అంది ఆ అమ్మాయి.

"నడుస్తాను" అన్నాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోతూ ముందుకు పోయింది. సర్దార్ పోలేదు. నా పాదాల వైపు చూశాడు, తన బూట్ల వైపు చూశాడు. మా ఇద్దరిదీ ఒకే సైజు. గనిలో బూట్లు పంచే రోజు మా ఇద్దరికీ ఒకే పెట్టెలోంచి తీసి ఇచ్చేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు.

"దొరా, నాయి నీకు సరిపోతయి."

నేను బండి పోయిన వైపు చూశాను.

"అడుగు, ఇస్త."

"నేను అడుగనని నీకెరుకే గద."

"ఎరుకనే. గందుకే అంటున్న. నా అంతల నేను ఇప్పి నీ కాళ్ళకాడ పెట్టిన్ననుకో, మా బాపు చేసిన పనే నేను చేసినట్టయితది. గడి ముంగట ఇప్పిండ్రు, సరే. సముద్రాలు దాటి గింత దూరమొచ్చి గీడగూడ ఇప్పాల్నా? నువ్వు నోరు తెరిచి అడుగు. అడిగితె దోస్తు దోస్తుకు ఇచ్చినట్టుంటది."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వులో వాళ్ళ బాపు చేతిలోని చెప్పులు ఉన్నాయి. నాకు కనిపించాయి. అడగడానికి నోరు తెరిచాను కూడా. లోపల అరుగు మీద కూర్చున్న పిల్లవాడు ఒకడు ఒప్పుకోలేదు. నేను వెనక్కి తిరిగి, సాక్సులతో మెట్లు దిగి, డైరెక్టరు పక్కన నిలబడ్డాను.

బ్యాండు మొదలైంది. నడిచాను. కింద రాళ్ళు పరిచిన వీధి, పైన పలచటి మంచు. డైరెక్టరు నా పాదాలు చూసి, భక్తి అనుకొని టోపీ తీశాడు. ఆయన్ని చూసి పక్కవాళ్ళు తీశారు. వీధి అంచున నిలబడ్డ ముసలమ్మలు గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. ఒకామె నా చేయి పట్టుకొని ముద్దు పెట్టింది. తాతను పల్లకిలో మోసినప్పుడు కూడా ఇంత మర్యాద జరిగి ఉండదు. ఆ మర్యాదలో అందరికన్నా ముందు నడుస్తున్నది మాత్రం నేను కాదు, నా ఎడమ బొటనవేలు. అది నాకన్నా అరంగుళం ముందు ఉంది.

సర్దార్ రెండో వరసలో, కాస్త పక్కగా వస్తున్నాడు.

"దొరా, వేలు నీలమైతుంది."

"దాని దిక్కు చూడకు."

"ఎట్ల చూడకుంట? ఊరేగింపే దాని ఎనుక పోతున్నది గద."

సగం దారిలో పాదాలు నావి కాకుండా పోయాయి. అడుగు వేస్తే నేల తగులుతోందో లేదో తెలియడం లేదు. ఒకచోట జారి డైరెక్టరు భుజం పట్టుకున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకు పూనకం వస్తోందనుకొని ఉంటాడు. అప్పుడు సర్దార్ నా పక్కకు వచ్చి, గొంతు మార్చి మాట్లాడాడు. అది వీధి గొంతు కాదు, బాయి గొంతు. లోపల చీకట్లో ఎన్నోసార్లు విన్న గొంతు.

"ఇగ చాలు. డొల్ల మోగుతున్నది. బయటికి రా."

సర్దార్ బయటికి రమ్మంటే రావాలి. ముప్పై ఏళ్ళుగా నా ఒళ్ళు నేర్చుకున్న ఒకే ఒక్క వినయం అది. నేను ఆగిపోయాను. ముందు వరస ఆగితే వెనక అంతా ఆగింది. బ్యాండువాళ్ళు వాయించిన ముక్కనే మళ్ళీ మళ్ళీ వాయించసాగారు.

"అన్నా" అన్నాను. అతన్ని ఆ మాటతో పిలవడం అదే మొదలు. "నీ బూట్లు జర ఇయ్యరాదే."

"ఏందీ? బ్యాండు మోతల ఇనవడలే."

"అన్నా! నీ బూట్లియ్యి! కాళ్ళు పోతున్నయి!"

డప్పు కొట్టేవాడు కర్ర ఆపి చూశాడు. సర్దార్ పగలబడి నవ్వి, అక్కడే ఒక దుకాణం మెట్టు మీద కూర్చొని బూట్లు విప్పాడు. నేనూ పక్కన కూర్చున్నాను. బూట్లు వెచ్చగా ఉన్నాయి. లేసులు కట్టడానికి అతను చేయి చాచబోతే వద్దన్నాను. నేనే వంగి కట్టుకున్నాను. నడుము విరగలేదు.

"మరి నువ్వెట్ల నడుస్తవే?"

"నాకేం ఫికర్ లే. మీ వదినె అల్లిన ఊలు సాక్సులు రెండు జతలు తొడిగిన. నీ లెక్క కిటికీలు లేవు."

చేయి పట్టుకొని మొదటి వరసలోకి లాక్కొచ్చి నా పక్కన నిలబెట్టుకున్నాను. మిగతా దారి ఇద్దరం కలిసి నడిచాం. ముసలమ్మల శిలువ గుర్తులన్నీ ఇప్పుడు అతనికే. డైరెక్టరు కూడా నన్ను వదిలేసి అతని వైపు జరిగాడు. టౌన్ హాలు మెట్ల మీద పూలగుత్తి అతని చేతికే ఇచ్చారు.

మర్నాడు అక్కడి పత్రికలో ఫొటో వచ్చింది. సాక్సుల పాదాలతో, పూలగుత్తితో, నవ్వుతూ సర్దార్. పక్కన ఎవరిదో భుజం. అది నాదే. దుబాసి అమ్మాయి కింద రాసింది చదివి చెప్పింది: మన పవిత్ర దినాన పాదరక్షలు త్యజించి నడిచిన భారత బృంద నాయకుడు. బండిలో పోయిన నా బూట్ల గురించి ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ నగరంలో ఎవరో ఒక బీదవాడు కరీంనగర్ తోలు వేసుకొని తిరుగుతున్నాడు. అతనికి సరిపోయి ఉండాలని కోరుకుంటాను.

తిరిగి వచ్చాక సర్దార్ ఈ కథను క్యాంటీన్లో, బాయిలోకి దింపే కేజీ ముందు, పెళ్ళి విందుల్లో చెప్పాడు. చెప్పిన కొద్దీ మంచు పెరిగింది. మొదట మడమ దాకా ఉండేది, ఏడాదిలో మోకాలు దాకా వచ్చింది. ముద్దు పెట్టిన ముసలామె వయసు ప్రతిసారీ తగ్గుతూ పోయింది. నేను ఏమీ అనలేదు. అతని పదవీ విరమణ సభలో మాత్రం ఊరుకోలేకపోయాను. సర్దార్ మైకు పట్టుకొని, "గప్పుడు దొర కాళ్ళు చూసి నాకు పాపమనిపిచ్చింది, నా బూట్లు ఇచ్చిన" అన్నాడు. నేను ముందు వరసలోంచి లేచాను.

"ఇచ్చుడు కాదే అన్నా! నేను అడిగిన. అడిగినంకనే ఇచ్చినవ్. గది ఇడిసిపెట్టి చెప్పకు!"

సభ అంతా గొల్లుమంది. సర్దార్ మైకు నోటి దగ్గరికి తెచ్చుకొని, నా వైపు చూసి, చాలా మర్యాదగా ఒప్పుకున్నాడు.

"నిజమే. అడిగిండు. రెండుసార్లు అడిగిండు. మొదటిసారే ఇనవడ్డది గని, ఇంకోసారి ఇనబుద్ధయింది."